పులిసిన రొట్టె: కొన్ని నిజాలు, ఒక పశ్చాత్తాపం

మూడు మాసాల క్రితం నా చిరకాల మిత్రులొకరు రక్తపరీక్షల కాగితాలు పట్టుకొని మా యింటికి వచ్చారు. ఆయన విశ్రాంత ఉపాధ్యాయులు. పదునాలుగు సంవత్సరాలుగా మధుమేహం ఉన్నా, దానిని క్రమశిక్షణతో అదుపులో ఉంచుకున్న మనిషి. గత రెండు మూడు మాసాల రక్తశర్కర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ ఆయనకు ఎప్పుడూ 7కు అటూ ఇటూగా ఉండేది. ఈసారి 8.4 వచ్చింది. మందులు మానలేదు, నడక మానలేదు, మిఠాయి ముట్టలేదు. ఏమి తింటున్నారని అడిగాను.

"ఉదయం ఇడ్లీలు పూర్తిగా మానేశాను డాక్టరుగారూ. వాటికి బదులు నాలుగు ముక్కలు సోర్‌డో రొట్టె. సాయంత్రం టీతో మరో రెండు. దానికి చక్కెర పెరగదని వాట్సాప్‌లో వచ్చింది. అమ్మాయి మారేడ్‌పల్లి నుంచి తెచ్చి పెడుతోంది" అన్నారు.

ఆ రొట్టె గురించి నేను చదివాను గాని, చూడలేదు, తినలేదు. నేనెరుగని పదార్థం గురించి రోగికి సలహా చెప్పరాదన్న నియమాన్ని ఈ వయస్సులో అలవరచుకున్నాను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆ నియమం లేకపోవడం వలన ఏమి జరిగిందో ముందు ముందు చెబుతాను. మరుసటి ఆదివారం మనుమరాలిని తోడు తీసుకొని ఆ రొట్టెల దుకాణానికి వెళ్ళాను.

దుకాణంలో చూసినది

సికింద్రాబాదుకు రొట్టె కొత్త కాదు. 1806లో కంటోన్మెంటు ఏర్పడిన నాటి నుండి సైనికుల కోసం ఇక్కడ రొట్టెలు కాలుతూనే ఉన్నాయి. 'డబల్ రొట్టె' అన్న మాట హైదరాబాదు ఇళ్ళలో ఏనాడో స్థిరపడింది. కాని పశ్చిమ మారేడ్‌పల్లిలో ఒక పాత ఇంటి ముందు గదిలో నేను చూసినది ఆ బేకరీల వంటిది కాదు. గాజు బీరువాలలో కేకులు లేవు, క్రీము బన్నులు లేవు. ఒక పొయ్యి, ఒక పెద్ద శీతల యంత్రం, పొడవాటి చెక్క బల్ల, గోడ వారగా పేము బుట్టలు. రోజుకు నలభై రొట్టెలు మాత్రమే చేస్తారట. మేము వెళ్ళిన పది గంటలకు తొమ్మిది మిగిలాయి.

దుకాణం నడిపే ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి. విజయనగరం వారు. పెద్ద హోటలు వంటశాలలో పదేళ్ళు పనిచేసి సొంతంగా ఇది పెట్టుకున్నారు. నేను వైద్యుణ్ణని తెలిసి, రొట్టె అమ్మడం కంటె దాని సంగతులు చెప్పడానికే ఎక్కువ ఉత్సాహపడ్డారు.

మొదట ఒక గాజు సీసా చూపించారు. లోపల బుడగలతో నిండిన జారు పిండి. మూత తీయగానే పుల్లని మజ్జిగ వాసన, దాని వెనుక కొంచెం మగ్గిన పండు వాసన. "దీన్ని స్టార్టర్ అంటారండి. నేను మాత్రం తోడు అనే అంటాను. మా అమ్మకి అలా చెప్తేనే అర్థమైంది" అన్నారావిడ. నాకూ అలాగే అర్థమైంది. నిన్నటి పెరుగు నేటి పాలకు తోడైనట్లు, నిన్నటి పిండి నేటి పిండికి తోడవుతుంది. రోమను రచయిత ప్లినీ సుమారు రెండు వేల సంవత్సరాల నాడే, ముందునాటి పిండిలో కొంత దాచి మరునాటి పిండిలో కలిపే పద్ధతిని ప్రస్తావించాడు.

పిండిలోను, గాలిలోను, చేసేవారి చేతుల మీదను సహజంగా ఉండే ఈస్టులు, లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు ఆ సీసాలో కలిసి కాపురం చేస్తాయి. ఈస్టులు బొగ్గుపులుసు వాయువును విడుదల చేసి పిండిని పొంగిస్తాయి. సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లాన్ని, కొంత సిర్కా ఆమ్లాన్ని తయారుచేసి పులుపు తెస్తాయి. మన ఇడ్లీపిండిలోనూ ఇటువంటి పనే జరుగుతుంది. అయితే అక్కడ పొంగుకు ముఖ్య కారణం ఈస్టులు కాదు, మినపపప్పుతో పాటు వచ్చే ల్యూకోనాస్టాక్ అనే సూక్ష్మజీవులు.

ఆవిడ లెక్క ఇది: కిలో పిండికి 720 గ్రాముల నీరు, 200 గ్రాముల తోడు, 20 గ్రాముల ఉప్పు. మరేమీ లేదు. నాలుగు గంటల పాటు మధ్య మధ్య మడతలు వేసి, గుండ్రంగా చుట్టి, పేము బుట్టల్లో ఉంచి, రాత్రంతా శీతల యంత్రంలో పెడతారు. తెల్లవారుజామున పైన బ్లేడుతో గాటు పెట్టి, 250 డిగ్రీల వేడిలో ముప్పావు గంట కాలుస్తారు. వేసవిలో పిండి మూడు గంటలకే పులిసి కూలబడుతుంది కనుక మంచునీళ్ళతో కలుపుతారట. వేసవిలో ఇడ్లీపిండి గిన్నె దాటి పొర్లడం చూసిన గృహిణులెవరికీ ఈ మాట వివరించనక్కరలేదు.

ఈ రొట్టెకు పట్టే కాలమే దీని ప్రత్యేకత. 1868లో అమెరికాలో ఫ్లైష్‌మాన్ సోదరులు అచ్చు కట్టిన ఈస్టును అమ్మకానికి పెట్టారు. 1961లో ఇంగ్లండులోని చార్లీవుడ్ పరిశోధకులు అతివేగంగా పిండిని చిలికే పద్ధతిని కనుగొన్నారు. దానితో పిండి కలిపిన మూడున్నర గంటలలో కోసి పొట్లం కట్టిన రొట్టె బయటకు రావడం మొదలైంది. ఆ వేగం వలన కోట్లమందికి చౌకగా రొట్టె దొరికింది. దానిని తక్కువ చేయలేము. కాని కాలం చేయవలసిన పనిని కొంతవరకు రసాయనాల చేత చేయించవలసి వచ్చింది. మన దేశంలో పిండిని బలపరచడానికి వాడుతూ వచ్చిన పొటాషియం బ్రోమేటును, అది క్యాన్సరు కలిగించవచ్చునన్న కారణంగా 2016లో నిషేధించవలసి రావడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ఒక మాట కలిగించిన స్మృతి

రొట్టె కాగితంలో చుట్టి ఇస్తూ ఆవిడ అన్నారు: "ఫ్రిజ్‌లో పెట్టొద్దు డాక్టరుగారూ, గుడ్డలో చుట్టి బయటే ఉంచండి. మందులేమీ కలపకపోయినా నాలుగు రోజులు బూజు పట్టదు. ఆ పులుపే కాపాడుతుంది."

శాస్త్రరీత్యా ఆ మాట సరియైనదే. పులియడంలో పుట్టే ఆమ్లాలు బూజు పెరుగుదలను మందగింపజేస్తాయి. మామూలు రొట్టెలో అదే పనికి కాల్షియం ప్రొపియొనేటు వేస్తారు. కాని 'బూజు' అన్న మాట వినగానే నేను ఆ దుకాణంలో లేను.

1979లో గోదావరి మెట్ట ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరాను. వానాకాలం. ఒక వ్యవసాయ కూలీ తన ఏడేళ్ళ కొడుకును తీసుకొచ్చింది. పదిరోజుల జ్వరం తగ్గి పిల్లవాడు కోలుకుంటున్నాడు. ఏమి పెడుతున్నావని అడిగితే, "పొద్దున్నే చద్దన్నం పెడతన్నానండి, అదే ఇట్టంగా తింటన్నాడు" అంది. నేను కోపగించుకున్నాను. పులిసిపోయిన కూడు పెడితే పిల్లవాడు ఎలా బాగుపడతాడని నలుగురిలో మందలించాను. బ్రెడ్డు కొని పాలలో ముంచి పెట్టమన్నాను. ఆనాడు మా ఆసుపత్రుల్లో రోగుల పథ్యం పాలు, బ్రెడ్డే. జ్వరం వస్తే బ్రెడ్డు తినాలన్నది తెలుగునాట వేదవాక్యం. ఆ వాక్యాన్ని ప్రచారం చేసినవారిలో నేనూ ఒకణ్ణి.

ఎనిమిది రోజుల తరువాత ఆమె మరల వచ్చింది. పిల్లవాడికి వాంతులు, విరేచనాలు. ఏమి పెట్టావని అడిగాను. ఐదు మైళ్ళు నడిచి, ఒక రోజు కూలి ఖర్చుపెట్టి, పెద్ద బ్రెడ్డు తెచ్చిందట. ఖరీదైనది కనుక రోజుకు రెండేసి ముక్కల చొప్పున దాచి పెట్టిందట. ముసురుకు నాలుగో రోజున ఆకుపచ్చని బూజు పట్టింది. "మీరు రాసిచ్చిన తిండి గదండీ, పారేత్తే ఎలాగ? బూజు గీకేసి పెట్టానండి" అంది.

ఆ వాంతులకు బూజే కారణమని నేను రుజువు చేయలేను. ఆ ఊరి చెరువు నీళ్ళే కారణం కావచ్చు. పిల్లవాడు కోలుకున్నాడు. కాని ఆ రోజున కూడా నేను ఆమెనే మరల మందలించానన్నది నిజం. బూజు పట్టినది పెట్టకూడదని తెలియదా అన్నాను. తల వంచుకొని విన్నది. ఆమె ఇంట్లో ఖర్చు లేకుండా దొరుకుతున్న, పిల్లవాడు ఇష్టంగా తింటున్న ఆహారాన్ని మాన్పించి, ఆమె కొనలేని, నిలువ ఉంచలేని ఆహారాన్ని రాసిచ్చినది నేనన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఇంతకాలానికి, ఒక మెత్తని కుర్చీలో కూర్చొని, పులిసినదన్న కారణం చేతనే గొప్పదని చెప్పబడుతున్న రొట్టెకు మూడువందల అరవై రూపాయలు చెల్లిస్తూ ఉండగా తట్టింది.

ఈ రొట్టె ఏమి చేస్తుంది, ఏమి చేయదు

నా పశ్చాత్తాపం ఒక వైపు, శాస్త్రం ఒక వైపు. రెండింటిని కలగాపులగం చేయకూడదు. పాఠకులు తెలుసుకోవలసిన విషయాలు క్రమంగా చెబుతాను.

మొదటిది రక్తశర్కర. గ్లూకోజును 100గా తీసుకుంటే, తెల్ల మైదా రొట్టె గ్లైసిమిక్ సూచిక సుమారు 75. పులియబెట్టిన రొట్టెది సుమారు 55 అని పట్టికలు చెబుతాయి. పులుపులోని ఆమ్లాలు ఆహారం జీర్ణాశయాన్ని వదలడాన్ని ఆలస్యం చేస్తాయి, పిష్టపదార్థం జీర్ణం కావడాన్ని కొంత మందగింపజేస్తాయి. కనుక చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. 'నెమ్మదిగా పెరుగుతుంది' అన్నది 'పెరగదు'గా మారడమే మా మిత్రుని కథ.

సూచిక కంటె పరిమాణం ముఖ్యం. అరకిలో పిండితో చేసిన రొట్టెను పదిహేను ముక్కలు చేస్తే, ఒక్కొక్క ముక్కలో సుమారు 24 గ్రాముల పిష్టపదార్థాలు ఉంటాయి. ఆరు ముక్కలలో సుమారు 144 గ్రాములు. మూడు గిన్నెల అన్నంలో ఉన్నంత. ఆయన మానేసిన మూడు ఇడ్లీలలో ఉన్నవి సుమారు ముప్పై గ్రాములు మాత్రమే. అవీ పులిసినవే, పైగా మినపపప్పు మాంసకృత్తులు కలిసినవి. ఆయన చక్కెర పెరగడానికి ఈ రొట్టె ఒక్కటే కారణమని అనలేను గాని, ఈ లెక్క చూసిన తరువాత వేరే కారణం కోసం దూరం వెళ్ళనక్కరలేదనిపించింది.

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఇక్కడ గమనించదగినది. ఆరోగ్యవంతులైన ఇరవై మందికి ఒక వారం తెల్ల రొట్టెను, ఒక వారం ముడిగోధుమ సోర్‌డో రొట్టెను ఇచ్చి చూశారు. సగటున చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కొందరికి తెల్ల రొట్టెతో చక్కెర ఎక్కువ పెరిగింది, కొందరికి సోర్‌డోతోనే ఎక్కువ పెరిగింది. ఇరవై మందితో చేసిన చిన్న అధ్యయనం తుది తీర్పు కాదు. కాని 'ఇది అందరికీ మేలు' అనే మాటను అనుమానించడానికి చాలును. మీ ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే, తిన్న రెండు గంటలకు పరీక్షించుకోండి. వాట్సాప్ కంటె అది నమ్మదగిన సాక్షి.

రెండవది సూక్ష్మజీవుల సంగతి. ఈ రొట్టెలో ప్రేగులకు మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు ఉంటాయని ప్రచారం ఉంది. కాలేటప్పుడు రొట్టె లోపలి వేడి 95 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి అవి బ్రతకవు. ఇడ్లీలోనూ బ్రతకవు. పెరుగులో, మజ్జిగలో ఉంటాయి. వండిన తరువాత పులియబెట్టి, మరల వేడిచేయకుండా త్రాగే అంబలిలో, చద్దన్నంలో ఉంటాయి.

మూడవది ఇనుము. మన దేశంలో 15 నుండి 49 సంవత్సరాల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో తేలింది. కనుక దీనిని తేలికగా తీసుకోలేము. ధాన్యాల పైపొరలో ఫైటేటులు ఉండి ఇనుమును, జింకును పట్టి ఉంచుతాయి. పులుపులో ధాన్యపు ఫైటేజ్ అనే జీవోత్ప్రేరకం చురుకై వాటిని విడగొడుతుంది. అప్పుడు ఇనుము శరీరానికి మెరుగుగా అందుతుంది. పులియబెడితే ఇనుము ఇన్ని రెట్లు పెరుగుతుందని వచ్చే సందేశాలు తప్పు. ఇనుము మూలకం, అది పులుపులో పుట్టదు. మరొక సంగతి: మైదాలో పైపొర తీసివేయబడుతుంది కనుక, మైదాతో చేసిన సోర్‌డోకు ఈ లాభం అంతగా వర్తించదు. ముడిగోధుమ పిండి ఎక్కువగా ఉన్నదానికే వర్తిస్తుంది.

నాల్గవది గ్లూటెన్. పులియడంలో గ్లూటెన్ కొంత విచ్ఛిన్నమైనా పూర్తిగా పోదు. సీలియాక్ వ్యాధి ఉన్నవారు గోధుమ సోర్‌డోను తినరాదు. ఇందులో మినహాయింపు లేదు. గోధుమలోని ఫ్రక్టాన్లు పులియడంలో తగ్గుతాయి కనుక, కడుపు ఉబ్బరంతో బాధపడే కొందరికి మామూలు రొట్టె కంటె ఇది సుఖంగా ఉండవచ్చు.

ఐదవది ఉప్పు. పైన చెప్పిన లెక్కలో ఒక్కొక్క ముక్కలో సుమారు 0.7 గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజుకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆరు ముక్కలతోనే సుమారు నాలుగు గ్రాములు అవుతుంది. ఆ తరువాత మధ్యాహ్నం ఆవకాయ ఉండనే ఉంది. రక్తపోటు ఉన్నవారు ఈ లెక్క వేసుకోవాలి.

చద్దన్నానికి ఏమి చెప్పాలి?

ఇంత చదివి, 'పూర్వులకు అన్నీ తెలుసు, చద్దన్నమే అమృతం' అని తీర్మానించుకోవద్దని మనవి. అది మరొక తొందరపాటు. వండిన అన్నాన్ని అజాగ్రత్తగా వదిలివేస్తే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దాని బీజాలు వండే వేడికి చావవు. అది విడుదల చేసే ఒక విషం మరల వేడిచేసినా పోదు. పులుపు బాగా పట్టిన చోట దాని పెరుగుదల అణగుతుంది. పులుపు పట్టక ముందే, అపరిశుభ్రమైన నీటిలో నిలువ ఉన్న అన్నంలో ప్రమాదం ఉంటుంది. కనుక అన్నాన్ని త్వరగా చల్లార్చి, కాచి చల్లార్చిన నీరు పోసి, ఒక చెంచా పెరుగు తోడు వేసి, మూతపెట్టి, తెల్లవారగానే తినాలి. జిగురు తీగలు సాగినా, వాసన మారినా సందేహించకుండా పారవేయాలి. వ్యాధినిరోధక శక్తి తగ్గినవారు, పసిపిల్లలు దీనికి దూరంగా ఉండాలి. మధుమేహం ఉన్నవారికి చద్దన్నం కూడా అన్నమే, గిన్నె కొలత మారదు.

ఈ జాగ్రత్తలను 1979లో ఆ తల్లికి ఐదు నిమిషాల్లో చెప్పి ఉండవచ్చు. నీళ్ళు కాచి పోయి, పెరుగు తోడు వేయి, మధ్యాహ్నం పప్పు పెట్టు, దొరికితే గుడ్డు పెట్టు అని ఉంటే సరిపోయేది. నాకు ఆ జ్ఞానం లేకపోలేదు. వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం చదివినవాణ్ణే. లోపించినది, ఆమె ఇంటి కుండలో ఉన్నదాన్ని ఆహారంగా గుర్తించే చూపు. బ్రెడ్డు దొరల తిండి కనుక శుభ్రమైనది, చద్దన్నం కూలీల తిండి కనుక హీనమైనది అని, నాకు తెలియకుండానే తీర్పు చెప్పాను. ఈనాడు సోర్‌డోను నెత్తికెత్తుకుంటున్న చూపులోనూ అదే దోషం ఉన్నదని నా అభిప్రాయం. తినే మనిషి అంతస్తును బట్టి తిండికి విలువ కట్టడం మనకు ఇంకా పోలేదు.

మారేడ్‌పల్లి ఆవిడ రొట్టె రుచి అమోఘంగా ఉంది. పైపెచ్చు కరకరలాడుతూ, లోపల మెత్తగా, నాలుక చివర చిరుపులుపుగా ఉంది. శ్రమకు తగిన వెల ఇవ్వగలిగినవారు తప్పక కొనండి. కొనే ముందు మూడు ప్రశ్నలు అడగండి. పిండి, నీరు, ఉప్పు కాక ఇంకేమైనా కలిపారా? ముడిగోధుమ పిండి ఎంత? ఎన్ని గంటలు పులిసింది? పులుపు కోసం సిర్కా, పొంగు కోసం అంగడి ఈస్టు కలిపి అదే పేరుతో అమ్మేవారూ ఉన్నారు. నిజంగా చేసేవారు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు. దానిని రుచి కోసం తినండి. మందుగా భావించి తినకండి.

మా మిత్రుడు ఇప్పుడు ఇడ్లీలకు తిరిగి వచ్చారు. ఆదివారం నాడు ఒక్క ముక్క, గుడ్డుతో, కీరా ముక్కలతో. వచ్చే నెలలో మరల పరీక్ష ఉంది. తగ్గుతుందనే ఆశిస్తున్నాను.

యువవైద్యులెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. పథ్యం రాసే ముందు రోగి ఇంట్లో ఏమి వండుతారో, దానికి ఎంత ఖర్చవుతుందో, రేపటికి ఎలా దాచుకుంటారో అడగండి. 'తినవద్దు' అన్న మాట చాలా తేలిక. దాని స్థానంలో ఏమి తినాలో చెప్పినప్పుడు, అది వారి చేతికి అందేదై ఉండాలి. ఆ తల్లి ఐదు మైళ్ళు నడిచినది నా చీటీని నమ్మి.